సెత్ మోల్టన్ గారికి బహిరంగ లేఖ: వయసు సంగతి సరే, యుద్ధం సంగతి చెప్పండి

గౌరవనీయులైన కాంగ్రెస్ సభ్యులు సెత్ మోల్టన్ గారికి,

నమస్కారం. నేను మసాచుసెట్స్‌లోని బర్లింగ్టన్‌లో ఉంటాను, మీ ఆరో జిల్లా ఓటరును. సెనేటు సీటుకు ఎడ్ మార్కీ గారి మీద మీరు దిగిన పోటీ గురించి ఈ ఉత్తరం. దీని ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకు విడిగా పంపాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. బోస్టన్ చుట్టుపక్కల నాకు తెలిసిన మావాళ్లలో చాలామంది నవంబరులో తప్పకుండా ఓటు వేస్తారు, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే సెప్టెంబరు ప్రైమరీని మాత్రం పట్టించుకోరు. 2014లో నేనూ పట్టించుకోలేదు. అప్పటికి పౌరసత్వం వచ్చి ఏడాది. ప్రైమరీ అంటే పార్టీవాళ్ల ఇంటి వ్యవహారం అనుకున్నాను.

మా వైపు ఎవరికి టికెట్టో హైకమాండ్ తేలుస్తుంది. బీఫారం పైనుంచి వస్తుంది, కింద ఊళ్లో జెండా మోసినవాడికి దాంట్లో మాట ఉండదు. ఇక్కడ ఆ బీఫారం ఇచ్చేది ఓటరే. మసాచుసెట్స్‌లో అయితే ఏ పార్టీలోనూ పేరు నమోదు చేసుకోని నాలాంటివాళ్లు కూడా ప్రైమరీ రోజు ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. డెమోక్రాట్లకు ఇంత బలమున్న రాష్ట్రంలో అసలు పోటీ చాలాసార్లు సెప్టెంబరులోనే తేలిపోతుంది. ఇది అర్థమవడానికి నాకు మీ గెలుపే పాఠమైంది. 2014లో, ఈ సీటులో వరసగా 9 సార్లు గెలిచిన జాన్ టియర్నీ గారిని సొంత పార్టీలోనే ఓడించారు మీరు. ఆ ఏడాది ప్రైమరీలో ఓడిన డెమోక్రాటిక్ సభ్యుడు దేశం మొత్తం మీద ఆయన ఒక్కరే.

మాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. దాన్ని అందరూ మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి మా ఊరివాళ్లు సైన్యంలోకి వెళుతూనే ఉన్నారు. మా నాన్న హవల్దారుగా రిటైరయ్యారు. 1971లో పశ్చిమ సరిహద్దులో ఉన్నారు. ఆయన పతకాలు ట్రంకుపెట్టెలో, ఉన్ని స్వెట్టర్ల కింద ఉండేవి. మేం అడిగితే "అవెందుకే ఇప్పుడు" అనేవారు. యుద్ధం గురించి ఆయన నాకు చెప్పింది ఒక్కటే. రాత్రిపూట బంకర్లో పక్కవాడు దగ్గుతుంటే ధైర్యంగా ఉండేదట, దగ్గు ఆగిపోతే భయమేసేదట. అంతకుమించి ఒక్క మాట లేదు. రిటైరయ్యాక కూడా, ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే అమ్మ ముందు నాన్న మొహం చూసేది.

అందుకే 2014 అక్టోబరులో పేపర్లో మీ గురించి వచ్చిన వార్త నాకు ఇప్పటికీ గుర్తుంది. మెరైన్ అధికారిగా ఇరాక్‌లో చూపిన సాహసానికి మీకు రెండు పతకాలు వచ్చాయనీ, వాటి సంగతి మీరు ప్రచారంలో ఎక్కడా వాడుకోలేదనీ, కన్న తల్లిదండ్రులకే చెప్పలేదనీ రాశారు. ముందువరసలో పోరాడినవాళ్లకు యుద్ధకథలు చెప్పుకుంటూ తిరిగేవాళ్లంటే గౌరవం ఉండదని మీరు అన్నట్టు చదివాను. మా నాన్నకు ఫోన్లో చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత "ఆ అబ్బాయి నిజంగా వెళ్లొచ్చినవాడే" అన్నారు. మీకు నేనిచ్చే గౌరవమంతా అక్కడ మొదలైంది.

2019లో మీరు యుద్ధం నుంచి వచ్చాక పడ్డ మానసిక బాధ గురించి, డాక్టరు దగ్గరికి వెళ్లడం గురించి అందరిముందూ చెప్పారు. ఆ మాట చెప్పడానికి మా నాన్న తరంలో ఎవరికీ నోరు రాలేదు. ఆత్మహత్య ఆలోచన వచ్చినవాళ్లు ఫోన్ చెయ్యడానికి 988 అనే చిన్న నంబరు కావాలని, అవతలి పార్టీకి చెందిన క్రిస్ స్టూవర్ట్ గారితో కలిసి పనిచేశారు. 2020లో చట్టమైంది, 2022 జులైలో నంబరు పనిచెయ్యడం మొదలైంది. మా ఫ్రిజ్ మీద ఆ నంబరు రాసి ఉంది. మా అబ్బాయి హైస్కూల్లో ఉండగా వాడి స్నేహితుడి కోసం ఒక రాత్రి అది అవసరమైంది. ఇంతకంటే ఎక్కువ చెప్పను, ఆ పిల్లాడు ఇప్పుడు బాగున్నాడు.

మీరు చేసినవన్నీ నాకు నచ్చాయని కాదు. 2021 ఆగస్టులో, అమెరికా సైన్యం అఫ్ఘానిస్తాన్ నుంచి జనాన్ని తరలిస్తుండగా, ఎవరికీ చెప్పకుండా తోటి కాంగ్రెస్ సభ్యుడు పీటర్ మైయర్ గారితో కలిసి కాబూల్ వెళ్లారు. అక్కడున్న సైనికులకు మిమ్మల్ని కాపాడే పని కూడా అదనంగా పడింది. అది తప్పేనని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2025 అక్టోబరులో మీరు సెనేటర్ ఎడ్ మార్కీ గారి మీద పోటీ ప్రకటించారు. సొంత సీటు వదులుకుని దిగుతున్నారు, అది చిన్న సంగతి కాదు. ఎన్నికల నాటికి ఆయనకు 80 ఏళ్లు, 1976లో గెలిచినప్పటి నుంచి కాంగ్రెస్‌లోనే ఉన్నారు, తరం మారాలి అంటున్నారు. మారాలేమో. కానీ ఈ వాదన ఆయన మీద పనిచెయ్యదని 2020లోనే చూశాం. కెన్నెడీల వారసుడు, ఆయన కంటే 34 ఏళ్లు చిన్నవాడు ప్రైమరీలో పోటీకొస్తే మార్కీ గారే గెలిచారు, అదీ కుర్రకారు అండతో. నా బాధ మీరు ఓడిపోతారని కాదు. వయసు గురించే మాట్లాడుకుంటూ పోతే, మీరు మాత్రమే తేగలిగిన ప్రశ్న ఒకటి బయటికి రాకుండానే సెప్టెంబరు వెళ్లిపోతుంది.

2002 అక్టోబరులో ఇరాక్ మీద యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానం వచ్చినప్పుడు, అప్పటికి ప్రతినిధుల సభలో ఉన్న మార్కీ గారు అవునని ఓటేశారు. అది పొరపాటని తరవాత ఆయనే ఒప్పుకున్నారు. టియర్నీ గారు వద్దని ఓటేశారు. మీరు ఆ యుద్ధం సరికాదని అనుకుంటూనే, మీ కింద ఉన్న కుర్రాళ్లను వదల్లేక, నాలుగుసార్లు అక్కడికి వెళ్లొచ్చారు. వద్దన్నాయనను 2014లో ఓడించారు. అవునన్నాయనతో ఇప్పుడు తలపడుతున్నారు. 2014లో ఆ ఓటు గురించి పెద్దగా చర్చ జరగలేదు. ఈసారి కూడా జరగకపోతే ఇక ఎప్పుడు జరుగుతుంది?

ఇరాక్ తీర్మానాన్ని 2025 చివర్లో ఎట్టకేలకు రద్దు చేశారు. యుద్ధానికి అధికారమిచ్చిన 2001 తీర్మానం మాత్రం అలాగే ఉంది. సెప్టెంబరు 11 దాడులు జరిగిన మూడు రోజులకే కాంగ్రెస్ ఆమోదించిన 60 పదాలవి. ప్రతినిధుల సభలో 420 మంది అవునంటే, బార్బరా లీ గారు ఒక్కరే వద్దన్నారు. అఫ్ఘానిస్తాన్ కోసం అనుకున్న ఆ మాటల మీదే తరవాత యెమెన్‌లో, సోమాలియాలో, సిరియాలో దాడులు జరిగాయి. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఆ తీర్మానం వాడికంటే ఐదేళ్లు పెద్దది. 1970ల మొదట్లో కాంగ్రెస్‌లో నాలుగింట మూడు వంతుల మంది మాజీ సైనికులే. ఇప్పుడు అయిదో వంతు కూడా లేరు. బలవంతపు భర్తీ 1973లో ఆగిపోయింది. ఇక యుద్ధానికి ఓటేసేవాళ్లు ఒకరు, పిల్లల్ని పంపేవాళ్లు ఇంకొకరు అయిపోయారు. మార్కీ గారు కూడా కుర్రతనంలో ఆర్మీ రిజర్వులో ఉన్నవారే, కాబట్టి ఈ చర్చ ఆయనకూ కొత్త కాదు.

మా అబ్బాయి కాలేజీలో ఆర్.ఓ.టి.సి.లో, అంటే సైన్యాధికారుల శిక్షణలో, చేరతానంటున్నాడు. తాతయ్య ట్రంకుపెట్టె చిన్నప్పుడు మాధవరంలో తెరిచి చూశాడు, అప్పటినుంచీ వాడి మనసులో ఉందట. మా ఆయనకు టెన్షన్, నాకు టెన్షన్. వద్దని చెప్పే హక్కు హవల్దారు కూతురినైన నాకు లేదనిపిస్తుంది. వాడిని ఎవరు, ఎందుకు, ఏ ఓటుతో పంపుతారో అడిగే హక్కు మాత్రం ఉంది.

కాబట్టి మీరు మూడు ప్రశ్నలకు మీ సంతకంతో జవాబివ్వాలి. సెనేటుకు వెళితే 2001 తీర్మానం రద్దుకు బిల్లు మీ పేరు మీద పెడతారా? రద్దు చేశాక దాని స్థానంలో ఏదైనా రావాలంటారా, వస్తే అందులో దేశం పేరు, గడువు రాసి ఉంటాయా? అధ్యక్షుడు మీ పార్టీవాడే అయినా, కాంగ్రెస్‌ను అడగకుండా బాంబులు వేస్తే ఎదురు నిలబడతారా? ఇవే ప్రశ్నలు మార్కీ గారికీ పంపుతున్నాను. మీరిద్దరూ ఒకే వేదిక మీద కూర్చుని, మాజీ సైనికులు, వాళ్ల ఇళ్లవాళ్లు ప్రశ్నలు అడిగేలా ఒక సాయంత్రం ఇస్తే ఇంకా మంచిది. పతకాలు చూపించమని అడగడం లేదు. అవి మీ ట్రంకుపెట్టెలోనే ఉండనివ్వండి. ఆ యుద్ధం తప్పని తెలిసీ కుర్రాళ్లను ముందుకు నడిపించిన మనిషిగా, ఇంకోసారి అలా జరగకుండా ఏం చేస్తారో చెప్పండి.

ప్రైమరీ బ్యాలెట్ పోస్టులో తెప్పించుకుంటాను. మా అబ్బాయి కూడా తెప్పించుకుంటాడు, సెనేటుకు వాడి మొదటి ఓటు ఇదే. అది ఇంటికి వచ్చేలోపు మీ జవాబు రావాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
ఒక హవల్దారు కూతురు
బర్లింగ్టన్, మసాచుసెట్స్