ర్యాంపు ఎక్కాక కౌంటరు కూడా అందాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను షాపులకు, క్లినిక్‌లకు కౌంటర్లు చేసే కార్పెంటర్ని. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట వైపు కొత్త కాంప్లెక్సుల్లో మా పని ఎక్కువ. చేతికొచ్చే డ్రాయింగుల్లో రిసెప్షన్ కౌంటరు ఎత్తు 42 అంగుళాలో, ఇంకా ఎక్కువో ఉంటుంది. నిలబడి మాట్లాడేవాళ్లకు అది సుఖమే. వీల్‌చైర్లో కూర్చుని వచ్చేవాళ్ల గురించి అందులో ఒక గీత కూడా ఉండదు.

మా అక్కకు చిన్నప్పుడు పోలియో వచ్చింది, వీల్‌చైర్లోనే తిరుగుతుంది. ఆమధ్య రక్తపరీక్షలకని ఒక డయాగ్నస్టిక్ సెంటరుకు తీసుకెళ్లాను. బయట ర్యాంపు ఉంది, లోపల లిఫ్టు ఉంది. తీరా బిల్లింగ్ దగ్గరికి వెళ్తే గ్రానైట్ అంచు అక్క కళ్లకు అడ్డం వచ్చింది. కంప్యూటర్ వెనక కూర్చున్న అమ్మాయికి అక్క కనబడక, "పేషెంట్ ఎవరండీ?" అని నన్నడిగింది. ఏ పరీక్షలు, ఎందుకు అన్నదంతా అక్క గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. వెనక లైన్లో ఉన్నవాళ్లందరూ విన్నారు. కార్డు మిషను వైరు కిందిదాకా రాలేదు. అక్క పిన్ నంబరు చెబితే నేను నొక్కాను. తమ్ముణ్ణి కాబట్టి సరిపోయింది, ఒంటరిగా వచ్చినవాళ్లు ఆ నంబరు ఎవరికి చెప్పాలి? టైలరింగ్ చేసి తను సంపాదించుకున్న డబ్బును అక్క తన చేత్తో కట్టలేకపోయింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఇది ఖర్చుతో ఆగిపోయే పని కాదని పనివాడిగా చెబుతున్నాను. కౌంటరు మొత్తం దించక్కర్లేదు. ఒక చివర మూడడుగుల ముక్కను దించితే చాలు. కేంద్రం మార్గదర్శకాల్లో ఉన్న ఎత్తు నేల నుంచి 750 నుంచి 800 మిల్లీమీటర్లు, అంటే మా లెక్కలో దాదాపు 30 అంగుళాలు. దాని కింద డ్రాయర్లూ ప్లైవుడ్డూ పెట్టకుండా ఖాళీ వదలాలి. అసలు కిటుకు అక్కడే ఉంది. మోకాళ్లు, ఫుట్‌రెస్టు లోపలికి వెళ్తేనే చెయ్యి పైకి అందుతుంది. ముందు పలక బిగించేస్తే కుర్చీని పక్కకు తిప్పి, నడుము మెలేసుకుని సంతకం పెట్టాలి. గ్రానైట్ కొయ్యకముందు చెబితే అదనపు ఖర్చు చాలా తక్కువ. అతికించాక చెబితే పగలగొట్టడమే. అందుకే కొలతలు తీసుకునేటప్పుడే ఓనర్లకు చెబుతుంటాను. కొందరు ఒప్పుకుంటారు. ఎక్కువమంది "మన దగ్గరికి అలాంటివాళ్లు రారులే" అంటారు. అందని చోటికి ఎలా వస్తారండీ! ఒప్పుకుని చేయించుకున్నవాళ్లలో కూడా కొందరు ఆ ముక్క మీద పూలకుండీ, పాంప్లెట్లూ పేర్చేస్తారు.

క్యాష్ కౌంటర్ల అద్దాల సంగతీ ఇంతే. రంధ్రం ఒకచోట, ముఖం కనబడేది ఇంకోచోట. చెవులు సరిగా వినబడని పెద్దవాళ్లు రంధ్రం దగ్గర చెవి పెడితే ఎదుటివాళ్ల పెదాలు కనబడవు.

చట్టం లేక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగులకు అందుబాటుగా ఉండాలన్న ప్రమాణాలు పాటించని భవనానికి ప్లాన్ అనుమతి గానీ కంప్లీషన్ సర్టిఫికెట్ గానీ ఇవ్వకూడదు. 46వ సెక్షన్ ఆ అందుబాటు నియమాలను ప్రైవేటు సేవలకు కూడా వర్తింపజేస్తుంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు, సలహాల్లాంటి మార్గదర్శకాలు చాలవని, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు అడిగిన నివేదిక ఇచ్చింది మన శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే.

అయినా కౌంటరు తప్పించుకుంటోంది. బిల్డింగుకు సర్టిఫికెట్ వచ్చేనాటికి ముల్గీలు (షాపు గదులు) ఖాళీగా ఉంటాయి. కిరాయికి దిగినవాళ్లు తర్వాత మమ్మల్ని పిలిచి ఇంటీరియర్ చేయించుకుంటారు. మేం కౌంటరు బిగించాక టేపు పెట్టి చూసిన అధికారి నాకైతే ఇంతవరకు కనబడలేదు.

జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు ఏటా రెన్యువల్ చేయించుకోవాల్సిందే కదా, దించిన కౌంటరు ఫొటో, కొలతలు ఆ ఫారంలోనే అడగాలి. ముందు క్లినిక్‌లు, డయాగ్నస్టిక్ సెంటర్లు, మందుల షాపులతో మొదలుపెట్టొచ్చు. పాత కౌంటరు పగలగొట్టలేనివాళ్లు పక్కన ఒక బల్ల వేసి, వైరు లేని కార్డు మిషను పెట్టాలి. ఈ కొలతలను తెలుగులో, హిందీలో ఒక కాగితం మీద వేసి మాలాంటి కార్పెంటర్లకు, గ్రానైట్ షాపులకు పంచమని జీహెచ్‌ఎంసీ కమిషనర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక కార్పెంటరు, రామంతపూర్, హైదరాబాద్