చిత్రం కింద పేరు: చిన్నాయనకు ఉత్తరం

యార్క్‌షైర్, ఇంగ్లండు

పూజ్యులైన చిన్నాయన గారికి,

నమస్కారములు. ఇక్కడ మేమందరం క్షేమం. చిన్నమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గుముఖం పట్టాయని అమ్మ చెప్పింది, మనసు కుదుటపడింది. పోయినసారి ఫోనులో మీరు, "మీ ఊళ్లో బొమ్మలు పెట్టే ఇల్లేదో ఉందంటగదా, ఆదివారాలు నువ్వు అక్కడికే పోతుంటావంటగదా, అక్కడ ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. జీవితమంతా హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా గడిపిన మీరు అడిగిన ప్రశ్నకు ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరంలో మిమ్మల్ని అడగవలసిన పని కూడా ఒకటి ఉంది.

మేముండేది ఒకప్పుడు ఉన్ని మిల్లుల మీద బతికిన ఊరు. మిల్లులు మూతపడిన తరువాత మిగిలిపోయిన గోదాముల్లో ఒకదాని మేడమీద ఈ గ్యాలరీ నడుస్తున్నది. ఉన్నవి రెండు గదులు, ఒక మెట్లదారి, టీ కాచుకునే చిన్న వంటగది. జీతం తీసుకునే మనిషి ఒకే ఒక్క నిర్వాహకురాలు. మిగిలిన పనంతా ఊరివాళ్లే వంతులవారీగా చేస్తారు. వాళ్లలో రిటైరైన నర్సులున్నారు, వడ్రంగి ఉన్నాడు, బస్సు నడిపే ఆయన ఉన్నాడు. లోపలికి రావడానికి టిక్కెట్టు లేదు. బొమ్మ అమ్ముడుపోతే వచ్చిన డబ్బులో మూడోవంతు గ్యాలరీ తీసుకుని, తక్కినది వేసినవాళ్లకు ఇస్తుంది. ఆరేడు వారాలకొకసారి ప్రదర్శన మారుతుంది. మారినప్పుడల్లా చూడడానికి జనం మళ్లీ వస్తారు. ఈ మళ్లీ రావడమన్నది నాకు పెద్ద విషయంగా తోచింది, ఎందుకంటే మన వైపు బొమ్మల ప్రదర్శన పెడితే ప్రారంభోత్సవం నాడు శాలువాలు, ఉపన్యాసాలు అయిపోగానే హాలు ఖాళీ అయిపోతుంది, మరునాడు ఆ గోడలవైపు చూసే నాథుడుండడు.

ఏడాదికొకసారి ఊళ్లో ఎవరైనా సరే తమ బొమ్మ ఇచ్చుకోగలిగిన ప్రదర్శన జరుగుతుంది. లండన్‌లోని రాయల్ అకాడమీ 1769 నుంచి ఒక్క ఏడాది కూడా ఆపకుండా వేసవి ప్రదర్శన పెడుతున్నది, దానికి పేరున్న చిత్రకారులూ ఎవరికీ తెలియనివాళ్లూ ఒకే వరసలో బొమ్మలు పంపుతారు. ఆ ఆచారాన్ని ఇలాంటి చిన్న ఊళ్లు కూడా తమకు తగ్గట్టు పాటిస్తున్నాయి. ఇక్కడైతే బడిపిల్లవాడి పెన్సిలు బొమ్మ పక్కనే ఎన్నో ఏళ్లుగా ప్రకృతి దృశ్యాలు వేస్తున్న ముసలాయన నూనెరంగుల చిత్రం ఉంటుంది. రెంటికీ గోడమీద ఒకే ఎత్తు, ఒకే వెలుతురు.

గోడకు తగిలించే రోజున నేనూ చెయ్యి వేస్తాను. ఆ పద్ధతి మీకు వివరంగా రాస్తాను, ఎందుకంటే మీకు అది పనికొస్తుంది. బొమ్మలన్నీ ముందుగా నేలమీద గోడ వెంబడి పేర్చి, దూరం నుంచి చూసి, ఏది దేని పక్కన ఉండాలో తేల్చుకుంటారు. ప్రతి బొమ్మ నడిమి భాగం నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలని నియమం. నిలబడి చూసే మనిషి కన్ను దాదాపు ఆ ఎత్తునే ఉంటుంది. ఫ్రేము ఎత్తులో సగాన్ని 150కి కలపాలి. వెనకనున్న తీగను వేలితో పైకి లాగిపట్టి, ఆ వేలు నుంచి ఫ్రేము పై అంచుకు ఎంత దూరమో కొలిచి దాన్ని తీసివేయాలి. వచ్చినదే మేకు ఎత్తు. ఫ్రేము 60 సెంటీమీటర్లు, తీగ దూరం 8 అనుకుంటే 150కి 30 కలిపి 8 తీసివేయగా 172. వడ్రంగి ఆయన రసమట్టం ఫ్రేము మీద పెట్టి, బుడగ నడుమకు వచ్చేదాకా ఒక మూలను గోరుతో తడుతూ సరిచేస్తాడు. చిన్నప్పుడు మా డ్రాయింగు పుస్తకాల్లో మీరు మార్జిను గీయించినంత శ్రద్ధగా ఆయన ఆ పని చేస్తుంటే చూస్తూ నిలబడిపోతాను.

వెలుతురు విషయంలో కూడా వీళ్లు చాలా పట్టుదలగా ఉంటారు. వెలుగును లక్స్ అనే కొలతతో కొలుస్తారు. నూనెరంగులకైతే 200 లక్స్ వరకు పరవాలేదు, నీటిరంగులకూ బట్టకూ 50 దాటనివ్వరు. రంగు ఒకసారి వెలిసిపోతే దాన్ని తిరిగి తెచ్చే ఉపాయం లేదు, ఏ రోజు వెలుతురు చేసిన నష్టం ఆ రోజుది కూడుతూనే పోతుంది. వసారాలో పడమటి ఎండ తగిలే గోడకు మీరు తగిలించిన ఉదయగిరి దుర్గం నీటిరంగుల బొమ్మలు నాకు గుర్తుకొచ్చి గుండె గుభేలుమంది. దయచేసి ఈ ఉత్తరం చదవగానే వాటిని లోపలి గదిలోకి మార్చండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ప్రతి బొమ్మ పక్కన ఒక చిన్న కార్డు ఉంటుంది. అందులో మొదటి వరస ఎప్పుడూ చేసినవాళ్ల పేరే. తరువాత బొమ్మ పేరు, ఏడు, దేనితో చేశారన్నది, అమ్మేదైతే ధర. వరసలు ఇదే క్రమంలో ఉండాలి, పేరు లేని కార్డు గోడ ఎక్కకూడదు. ఈ నియమం ఎంత లోతైనదో నాకు కిందటేడు అద్దకపు బట్టల మీద పెట్టిన ప్రదర్శనలో అర్థమైంది.

ఆ ప్రదర్శనలో సగం కథ మన తీరానిదే, చిన్నాయనా. మద్రాసు పుట్టకముందే, 1626లో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు మన దుగరాజపట్నంలో వ్యాపార కోఠీ పెట్టుకుని దాన్ని ఆర్మగాన్ అన్నారు. 1639లో మద్రాసు స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే అప్పటికి ఆర్మగాన్‌లోనే అధికారి. వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన సరుకుల్లో ముఖ్యమైనవి మన రంగుబట్టలు. ఉతికినా రంగులు పోని అలాంటి అద్దకపు నూలుబట్ట ఈ దేశంలో అంతకుముందు లేదు. అది ఎంతగా నచ్చిందంటే ఇక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల బతుకు కష్టమై, 1719లో వాళ్లు లండన్ వీధుల్లో ఆ బట్ట కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చీరేశారు. 1721లో అద్దకపు నూలుబట్ట ధరించడాన్నే నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది, 1774 దాకా దాన్ని ఎత్తివేయలేదు. ఉన్నిమీద బతికిన ఊళ్లో, ఉన్ని గోదాములోనే, ఈ చరిత్రను దాచుకోకుండా గోడమీద పెట్టారు. తాతముత్తాతలు మగ్గం నేసినవాళ్లు వచ్చి నిలబడి ఓపిగ్గా చదివారు. ఆ రోజు నాకు వీళ్లమీద గౌరవం పెరిగింది.

ఆ ప్రదర్శనకు నా దగ్గరున్న కాళహస్తి కలంకారీని కూడా అడిగి తీసుకున్నారు. అది ఎలా తయారవుతుందో ఒక సాయంత్రం నన్నే చెప్పమన్నారు. కరక్కాయ నీళ్లలో, గేదె పాలలో బట్ట నానబెట్టడం, గుడ్డ చుట్టిన వెదురు కలంతో గీత గీయడం, బెల్లంనీళ్లలో ఇనుము ఊరవేసి నలుపు తీయడం, పటిక రాసిన చోటే ఎరుపు పట్టడం, స్వర్ణముఖిలో పారే నీళ్లలో ఉతకడం, అన్నీ చెప్పాను. గేదె పాలు ఎందుకని చాలామంది అడిగారు. పాలలోని కొవ్వు వల్ల రంగు బట్టమీద పాకిపోకుండా గీసినచోటే నిలుస్తుందని చెబితే ఒక ముసలమ్మ ఆ మాట పుస్తకంలో రాసుకుంది.

అయితే కార్డు రాసే దగ్గర పని ఆగింది. "ఎవరు వేశారు?" అని నిర్వాహకురాలు అడిగింది. కొన్న దుకాణం రసీదులో కొలత ఉంది, ధర ఉంది, వేసినవాళ్ల పేరు లేదు. పక్కన పెద్ద మ్యూజియాల నుంచి తెప్పించిన ఫొటోల కిందా అదే తీరు. కోరమాండల్ తీరం, పద్దెనిమిదో శతాబ్దం, అంతే. ఆమె మొదటి వరసను వదిలేయడానికి ఒప్పుకోలేదు. "చిత్రకారుని పేరు నమోదు కాలేదు" అని, అందరి పేర్లూ ఉన్న చోటనే, అదే అక్షరాల్లో రాసింది. గది పొడవునా ఆ వరస కార్డు తరువాత కార్డులో కనబడుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

మన దుర్గం సంగతే చూడండి. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని గెలిచి, బాలకృష్ణుని విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గెలిచిన రాజు పేరు తెలుసు, ఏడు తెలుసు, గుడి తెలుసు. ఆ చిన్నికృష్ణుణ్ని చెక్కిన మనిషి ఎవరో తెలియదు. ఐదు వందల ఏళ్లనాటిదాన్ని మనం ఇప్పుడు సరిచేయలేము. కానీ ఇప్పుడు మన కళ్లముందు చెక్కుతున్నవాళ్ల పేర్లు కూడా అలాగే పోనివ్వడం నాకు భరించరానిదిగా ఉంది.

ఎవరి గురించి రాస్తున్నానో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. గ్యాలరీలో నెలకొకసారి చేతిపని సాయంత్రం ఉంటుంది. ఒక నెల చెక్క గరిటెల వంతు వచ్చింది. ఈ దేశంలో దానికి పెద్ద సంప్రదాయమే ఉంది. వేల్స్‌లో యువకులు తాము వలచిన పిల్లకు స్వయంగా చెక్కిన చెంచా ఇచ్చేవారట. తేదీ ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది 1667 నాటిది, అక్కడి సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో ఉంది. వంటకు సికమోర్ చెట్టు చెక్క వాడతారు, దానికి రుచీ వాసనా అంటవని. నేను మన ఉదయగిరి చెంచాలు పట్టుకుపోయాను. వడ్రంగి ఆయన నర్ది చెక్క చెంచా ఒకటి తీసుకుని, కిటికీ దగ్గరకు పోయి, కాడ మీద జాలీలాగా తొలిచిన పనిని వేలికొనతో తడిమి చూశాడు. తొలిచిన సందుల లోపలి అంచులు కూడా ఆకురాయితో నున్నగా దిద్ది ఉన్నాయని, కంటికి కనపడని చోట అంత శ్రమ ఎవరు పడతారని ఆశ్చర్యపోయాడు. తరువాత ఆయన కూడా అదే ప్రశ్న అడిగాడు, ఇది ఎవరి పని అని. "మా ఉదయగిరిలో ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని చేస్తారు, ఎక్కువమంది ముస్లిం కుటుంబాలవాళ్లు" అన్నాను. ఈ చెక్కపనికి మా ఊరి పేరు మీద భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందని కూడా చెప్పాను. ఆయన తల ఊపి, పేరు చెప్పండి అన్నట్టు ఇంకా నా వైపే చూస్తున్నాడు.

చిన్నాయనా, నా కోరిక ఇది. సంక్రాంతికి బెంగుళూరు, చెన్నై, హైదరాబాదుల నుంచి మనవాళ్లందరూ ఊరికి వస్తారు. ఆ వారం రోజులు గ్రంథాలయంలో గానీ బడిలో గానీ ఒక గది అడిగి తీసుకుని మీరు ప్రదర్శన పెట్టాలి. ఒక గోడకు మీ బొమ్మలు, ఒక గోడకు మీ దగ్గర నేర్చుకున్న పిల్లల బొమ్మలు, నడుమ బల్లలమీద చెక్కపని చేసేవాళ్ల చెంచాలు, గరిటెలు. ఒక పూట వాళ్లలో ఇద్దరు ముగ్గురు అక్కడే కూర్చుని పని చేసి చూపితే పిల్లలు కదలరు. ఇక్కడ బుధవారాలు పొద్దున ముసలివాళ్లు వచ్చి టీ తాగుతూ బొమ్మలు వేసుకుంటారు, అలాగే మన ఊరి పెద్దవాళ్లకూ ఒక పొద్దున కేటాయించవచ్చు. ఖర్చు నేను, అన్న కలిసి పెట్టుకుంటాము. దీపప్రజ్వలనకు పెద్దమనుషులు దొరకకపోయినా పరవాలేదు, కార్డులు మాత్రం సరిగా ఉండాలి.

ఇదేమంత గొప్ప పని కాదని మీరు అంటారని నాకు తెలుసు. దామెర్ల రామారావు గారు 1925లో, 27 ఏళ్లకే పోతే, ఆయన చిత్రాలు చెల్లాచెదురు కాకుండా రాజమండ్రిలో నిలబెట్టినది ఆయనతో కలిసి బొమ్మలు వేసినవాళ్లేనని మాకు క్లాసులో చెప్పినది మీరే. ఆ పాఠం నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది.

కార్డు నమూనా ఒకటి దీనితో జతచేశాను. 10 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల ఎత్తు, దళసరి తెల్ల అట్ట, అడుగు దూరం నుంచి కళ్లజోడు లేకుండా చదవగలిగినంత అక్షరం. మొదటి వరస మీరు రాయవద్దు, వాళ్ల చేతనే రాయించండి. తెలుగులో రాస్తే తెలుగులో, ఉర్దూలో రాస్తే ఉర్దూలో ఉండనివ్వండి, కింద రెండో లిపిలో మీరు రాయవచ్చు. రాయడం రానివాళ్లు చెబితే మీ చక్కని అక్షరాలతో రాసిపెట్టండి. నర్దియా, బిక్కియా, ఏ చెక్కో కూడా వాళ్లనే అడిగి రాయండి. అన్ని కార్డులకూ ఫొటోలు తీసి తమ్ముడి ఫోను నుంచి నాకు పంపిస్తే, వడ్రంగి ఆయన చూసిన ఆ చెంచా ఎవరిదో వాళ్లు గుర్తుపట్టగలిగేలా దాని ఫొటో నేనూ పంపుతాను.

గది దొరుకుతుందో లేదో, ఏ తేదీలు వీలవుతాయో వెంటనే తెలియజేయండి, దాన్నిబట్టి సెలవు పెట్టుకుంటాను. చిన్నమ్మకు నా నమస్కారములు, పిల్లలకు దీవెనలు.

ఇట్లు,
మీ కూతురు