బఫెలో మంచులో మా కారు కదిలించిన పెద్దాయనకు కృతజ్ఞతలు

ఈరీ సరస్సు మీదుగా వచ్చే మంచు అమెరికాలోని బఫెలో నగర వీధుల్ని రాత్రికి రాత్రే పూడ్చేస్తుంది. ఆఫీసు వేళకు ఇరుక్కుపోయిన మా కారును బయటపడేసి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయిన పెద్దాయనకు చేతులెత్తి నమస్కారం.

ఆయన ముందుగా తవ్వింది చక్రాల దగ్గర కాదు, వెనక పొగ గొట్టం దగ్గర. అది మూసుకుపోయి ఇంజన్ నడుస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి చేరుతుంది. వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఈ ఒక్క పనికే ఎంత రుణపడ్డా తక్కువే. తర్వాత కారు అడుగున గట్టిపడ్డ మంచు లాగేశారు. బరువంతా దాని మీద ఆనితే చక్రాలకు పట్టు దొరకదు. స్టీరింగ్ తిన్నగా పెట్టించి, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారితే ఇంజన్ బలం తగ్గించే ఏర్పాటు) ఆపించి, ఇంజన్ తిప్పే ముందు చక్రాల కింద ఇసుక చల్లారు. ఉప్పు వద్దన్నారు: సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు.

యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చక్రం రాపిడికి మంచు కరిగి, నున్నటి ఐసుగా మారుతుంది. అందుకే కారును డ్రైవ్‌లో కాస్త, రివర్స్‌లో కాస్త ఊపించారు. ప్రతిసారీ బ్రేకు మీద పూర్తిగా ఆగాకే గేరు మార్చమన్నారు, లేకపోతే గేర్‌బాక్స్ దెబ్బతింటుంది.

అయ్యా, మీరు చెప్పినట్టే పార, ఇసుక సంచి డిక్కీలో పెట్టుకున్నాం. మన వీధిలో ఎవరు ఇరుక్కున్నా మేమూ వస్తాం.