అమ్మలూ, పండక్కి ఆ చిన్న కెమెరానే పట్టుకుని రా

అమలాపురం

చి. అమ్మలుకి,

నాన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పొద్దున్నే పెరట్లో పూలు తనే కోసుకుంటోంది.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నీ దగ్గరున్న చిన్న కెమెరా, దాని మూడు లెన్సులు అమ్మేసి, ఆ డబ్బుకి ఇంకొంత కలిపి వెలుగు పట్టే సెన్సర్ పెద్దగా ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొంటానన్నావు. నీ సంపాదన, నీ ఇష్టం. కానీ నా మాట అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడే అమ్మొద్దు. ఈ సంక్రాంతికి దాన్నే తీసుకురా. పండగ నాలుగు రోజులూ దానితో తిరిగాక కూడా పెద్దది కావాలనిపిస్తే అప్పుడు నేనే కొంత డబ్బు వేస్తాను.

పెద్ద సెన్సర్ గొప్పదనాన్ని నేను కాదనను. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. నీ చిన్న కెమెరా మైక్రో ఫోర్ థర్డ్స్ రకం, దాని సెన్సర్ 17.3కి 13. అంటే విస్తీర్ణంలో దాదాపు నాలుగో వంతు. దీపాలు పెట్టే వేళ దాటాక ఆ తేడా తెలుస్తుంది, నీడల్లో గరుకు కనిపిస్తుంది. పెళ్ళి మండపాల్లో రాత్రంతా ఫొటోలు తీసే పని నీదైతే నేనే కొనుక్కోమనేవాణ్ణి. నువ్వు తీసేవి పొలాలు, కాలువలు, రేవులు, మనుషులు. వాటికి ముందు కావలసింది, బయటికి వెళ్ళిన ప్రతిసారీ కెమెరా నీ వెంట ఉండడం.

ఆ కెమెరా నీ చేతికొచ్చే ముందు కొన్నేళ్ళు నా మోపెడ్ మీద తిరిగింది. కాలువ గట్ల మీద ఉద్యోగం కదా. లాకుల దగ్గర నీటి మట్టం చూడ్డానికి పోయినా, గండి పడిందని కబురొచ్చి పోయినా టిఫిన్ డబ్బా పక్కనే అదీ ఉండేది. 17 ఎంఎం లెన్స్ 120 గ్రాములు, 45 ఎంఎం 116 గ్రాములు. రెండూ కలిపినా పావుకిలో లేదు. అందుకే ఇంట్లో వదిలేసి వెళ్ళాలని ఎప్పుడూ అనిపించలేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున మిగిలిన గుంటల్లో పిల్లలు బురద పూసుకుని చేపలు పడతారు చూడు, ఆ ఫొటోలన్నీ అలా పనిమీద పోతూ తీసినవే. ఫొటోల కోసమని బయల్దేరి ఉంటే అవి దొరికేవి కాదు.

ఇంకో సంగతి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద దాటేటప్పుడు నువ్వు చూసే ఉంటావు. పాలక్యాన్లు, మోటారు సైకిళ్ళు, పూలబుట్టలు, వాటి మధ్య ఒంటికాలి మీద నిలబడ్డ మనుషులు. అంతమందిలో మూరెడు లెన్స్ పైకెత్తితే మాటలాగిపోతాయి. అందరూ టీవీ వాళ్ళొచ్చారనుకుని తల సర్దుకుంటారు. అరచేతిలో పట్టే కెమెరా అయితే ఒకసారి చూసి మళ్ళీ తమ కబుర్లలో పడతారు. ఆ కబుర్లే నీకు కావలసింది.

ఇక మిర్రర్‌లెస్ విషయం. ఒలింపస్, పానసోనిక్ కలిసి నీ కెమెరా మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిని 2008లో ప్రకటించాయి. లోపల అద్దం లేదు కాబట్టి సెన్సర్ చూసేదే వ్యూఫైండర్‌లో మన కంటికీ కనిపిస్తుంది. మీటలు తిప్పుతుంటే ఫొటో ఎలా వస్తుందో నొక్కకముందే తెలుస్తుంది. మన ప్రాంతంలో ఇది ఎంత పనికొస్తుందో చెబుతాను విను. పుష్యమాసంలో పొద్దున్న చేల మీద మంచు దిగి ఉంటుంది. అంత తెలుపు చూసి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం బూడిదరంగులోకి దించేస్తుంది. వెలుగు పెంచే తగ్గించే మీట, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, ప్లస్ ఒకటి దాకా తిప్పు, మంచు మంచులా కనిపిస్తుంది. అదే పచ్చటి చేలో ఒక్క తెల్ల కొంగ నిలబడి ఉంటే దానికి ఎదురు చెయ్యాలి. మైనస్ ఒకటికి తిప్పకపోతే కొంగ ఈకలు కనిపించవు, తెల్ల కాగితం ముక్క అతికించినట్టు వస్తుంది. ఇది లెక్కలతో చెయ్యనక్కర్లేదు. వ్యూఫైండర్‌లో చూస్తూ తిప్పితే చాలు.

రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ మాత్రం ఆటోలో ఉంచకు. వరదల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు గౌతమి ఒడ్డున నిలబడి తీస్తే, ఆటో ఆ ఎరుపుని సరిదిద్దాలని చూసి మట్టిరంగు చేసి పెడుతుంది. తెల్లవారుజాము నీలాన్ని కూడా అలాగే చంపేస్తుంది. ఎండ గుర్తు దగ్గర పెట్టి వదిలెయ్యి. గోదావరి రంగు గోదావరికే వదిలెయ్యాలి.

ఇప్పుడు లెన్సుల దగ్గరికి వస్తాను. అసలు నీతో మాట్లాడాలనుకున్నది ఇదే. పోయినసారి నువ్వు చూపించిన ఊడ్పుల ఫొటోలన్నీ నీ మూడో లెన్స్, దూరం చూసే 75-300 ఎంఎంతో తీసినవి. రోడ్డు మీద నిలబడి తీశావు. ఎందుకంటే వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదన్నావు. నీ మనసు మంచిదే, కానీ నేను ఒప్పుకోను. అంత దూరం నుంచి తీస్తే వాళ్ళకి తెలియకుండా తీసినట్టే. ఫొటోలో అది తెలిసిపోతోంది. వంగిన నడుములు, చీర కుచ్చిళ్ళు ఉన్నాయి, ఒక్క ముఖం లేదు. నీ చిన్న సెన్సర్ మీద 300 ఎంఎం అంటే ఫుల్ ఫ్రేమ్ మీద 600 ఎంఎం చూసినంత ఇరుకుగా చూస్తుంది. అది పిట్టల కోసం చేసిన లెన్స్. కాలువ మీద ఒక్కచోట గాల్లో రెక్కలాడిస్తూ నిలబడి ఒక్కసారిగా నీళ్ళలోకి దూకే నలుపు తెలుపు లకుముకి పిట్టకి వాడు. కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతులకి వాడు. బరువు అర కిలో కూడా లేదు, ఫుల్ ఫ్రేమ్‌లో అంత దూరం చూడాలంటే చాలావరకు రెండు కిలోల లెన్స్ మొయ్యాలి. కాకపోతే చివరికి వెలుగు వచ్చే రంధ్రం ఎఫ్/6.7కి చిన్నదవుతుంది కాబట్టి ఎండ బాగా వచ్చాకే తియ్యి. ఎగిరే పిట్టకి ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టకు, రెక్కలు వంకరగా వస్తాయి.

మనుషులకి మాత్రం 17. నాకు అన్నిటికంటే ఇష్టమైన లెన్స్ అదే. ఎందుకంటే అది మనల్ని గట్టు దింపుతుంది. దానితో ముఖం కనిపించాలంటే రెండు గజాల దూరంలోకి వెళ్ళాలి. అంత దగ్గరికి వెళ్ళాక పలకరించకుండా ఎలా ఉంటావు? "అక్కా, ఏ ఊరు మీది, ఒక ఫొటో తియ్యనా?" అని అడగాలి. వద్దంటే చెయ్యెత్తి దణ్ణం పెట్టి వచ్చెయ్యాలి. సరేనంటే కాసేపు కెమెరా ఎత్తకుండా నిలబడు. మొదట అందరూ నవ్వుతూ నిన్నే చూస్తారు. తరవాత మేస్త్రి కేకేస్తాడు, మళ్ళీ పనిలో పడతారు. అప్పుడు తియ్యి. తీసినవాటిలో మంచివి ఇక్కడి స్టూడియోలో ప్రింటు వేయించి తీసుకెళ్ళి ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపిస్తాననడం చాలదమ్మా. నేనిచ్చిన ప్రింట్లు కొన్ని ఇళ్ళల్లో దేవుడి పటాల పక్కన ఉన్నాయి.

ఆ 17 లెన్స్‌కి ఇంకో సదుపాయం ఉంది, నువ్వు వాడినట్టు లేదు. ముందున్న రింగుని వెనక్కి లాగితే దూరాల అంకెలు బయటపడతాయి. ఎఫ్/8 పెట్టి, రెండు మీటర్ల గుర్తు కాస్త దాటించి, రెండున్నర దగ్గర ఆపు. సుమారు ఒకటింపావు మీటరు నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ కోసం చూడక్కర్లేదు, నొక్కడమే. కనుమ నాడు జగ్గన్నతోటకి వెళ్దాం. అక్కడ ఇది లేకపోతే కష్టం. చుట్టుపక్కల ఊళ్ళ ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే శివుణ్ణి నిలిపిన ఎత్తైన చట్రాలు, వెదుళ్ళు, రంగు గుడ్డలు, గంటలతో ఒక్కొక్కటిగా కొబ్బరితోటలోకి వస్తాయి. గంగలకుర్రు వాళ్ళు తమ ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ నీళ్ళలోంచి దాటిస్తారు. పచ్చటి చేలు తొక్కుకుంటూ వచ్చినా ఏ రైతూ ఏమీ అనడు, శివుడు నడిచిన చేను అంటాడు. ఆ తోపులాటలో ఫోకస్ దొరికేలోగా ప్రభ దాటిపోతుంది. స్క్రీన్ కిందికి వంచి, కెమెరా తల మీదకెత్తి తియ్యి. ప్రభ నిలువెత్తు రావాలని వెనక్కి వెనక్కి పోకు. మోసేవాళ్ళ మెడల మీద నరాలు, తడిసిన పంచెలు, అవే చూడు.

నువ్వు కొత్తగా వైడ్ యాంగిల్ కూడా కొనాలనుకుంటున్నావు, పొలాలు మొత్తం పడతాయని. మన నేల సంగతి గుర్తు తెచ్చుకో. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా ఎక్కడా ఒక గుట్ట లేదు. 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట కట్టి కాలువలు పారించగలిగాడంటే ఈ నేల అంత మెత్తగా, అంత చదునుగా వాలి ఉండబట్టే. ఇలాంటిచోట వైడ్ యాంగిల్‌తో తీస్తే సగం ఖాళీ ఆకాశం, సగం పచ్చ చాప వస్తుంది. దగ్గర్లో ఏదో ఒకటి పెట్టుకుంటే తప్ప అది ఫొటో కాదు. నారు కట్టలు పరిచి ఉన్న గట్టు మీద కూర్చుని, కెమెరా మోకాలి కిందికి దించి తియ్యి, అప్పుడు చేను నీ ముందు నుంచి మొదలవుతుంది. ఎత్తు కావాలంటే పి. గన్నవరం అక్విడక్టు మీదికి వెళ్దాం. కింద వైనతేయ పాయ, పైన కాలువ. అక్కణ్ణుంచి 45 పెడితే లంకలు, ఇసుక తిన్నెలు, పడవలు ఒకదాని వెనక ఒకటి దగ్గరగా చేరతాయి.

45 గురించి ఎక్కువ చెప్పను, నీకే బాగా తెలుసు. నరసాపురంలో అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్ళ వేళ్ళు తియ్యాలని ఉందన్నావు కదా, దానికి అదే సరైంది. అర మీటరు దాకా దగ్గరికి పోవచ్చు. అరుగు వెలుతురు మెత్తగా ఉంటుంది. అదే కొబ్బరితోటలో మిట్టమధ్యాహ్నం ఎవరి ముఖమూ తియ్యకు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది, పచ్చరంగు చర్మానికి అంటుకుంటుంది. చెట్టెక్కి కాయలు దింపు తీసేవాళ్ళని పొద్దున్నే చూడు.

జాగ్రత్తలు నాలుగు. హైదరాబాద్ నుంచి ఏసీ బస్సులో వస్తావు. దిగగానే రావులపాలెం బ్రిడ్జి మీద సూర్యోదయం అంటూ కెమెరా బయటికి తియ్యకు. చల్లటి గాజు మీద మన తేమగాలి తగిలి లెన్స్ అంతా ఆవిరి పడుతుంది. సంచి జిప్పు తియ్యకుండా అరగంట ఉంచు. అంతర్వేది సముద్రపు ఒడ్డు నుంచి వచ్చాక తడిగుడ్డ గట్టిగా పిండి దానితో తుడవాలి, ఉప్పు అలా వదిలేస్తే లోపలికి పాకుతుంది. ఇసుక దగ్గర లెన్స్ మార్చొద్దు, అద్దం లేదు కాబట్టి సెన్సర్ తిన్నగా గాలికే తెరుచుకుంటుంది. ఇంట్లో దాచడానికి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా కొని పెట్టాను, సిలికా జెల్ వేశాను. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకు, తవుడు దుమ్ము దూరుతుంది. వానాకాలంలో మన గదుల్లో తోలు సంచిలో ఉంచిన లెన్స్‌కి బూజు పట్టడం ఖాయం.

భోగికి ముందు రోజు పొద్దున్నకల్లా దిగేలా టికెట్ తీసుకో. బ్యాటరీలు మూడు తే, ఈ కెమెరాలు తెర వెలిగించుకునే ఉంటాయి కాబట్టి ఒకటి పూటకి కూడా రాదు. అన్నయ్యకి కూడా ఫోన్ చేసి తేదీ చెప్పు, కోరంగి మడ అడవికి వాడి కారులో వెళ్దాం. పాటు సమయం చూసుకుని వెళ్ళాలి. నీళ్ళు తీసినప్పుడే చెట్ల వేళ్ళూ, బురదలో ఎగిరే చిన్న చేపలూ కనిపిస్తాయి.

నాన్న

తా.క. లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టరు ఒక్కటే కొను, 46 ఎంఎం అడ్డుకొలతది. అది 17కి సరిపోతుంది. 45కి 37 ఎంఎం సైజు కాబట్టి 37 నుంచి 46కి పెంచే రింగు ఒకటి తీసుకో, రెంటికీ ఒకే ఫిల్టరు వాడొచ్చు. తడి కొబ్బరాకుల మీద మెరుపు తగ్గించడానికి బాగుంటుంది. ఊడ్పులైన కొత్త చేలో ఆకాశం నీడ కావాలంటే మాత్రం తీసెయ్యాలి.