లైబ్రరీలకీ, పార్కులకీ వేసవి వేళలు పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

బడులు తెరిచేశారు, సెలవులు అయిపోయాయి, ఇప్పుడు వేసవి గురించి ఉత్తరం ఏమిటని అనుకోకండి. వచ్చే ఏడాది మార్చికి ఉత్తర్వు రావాలంటే అధికారులు ఇప్పటినుంచే ఆలోచించాలి. అందుకే రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. ఎండాకాలంలో విజయవాడలోని గ్రంథాలయాలు, మ్యూజియంలు, పార్కులు, చూడదగ్గ చోట్లు మిట్టమధ్యాహ్నం మూసేయండి. పొద్దున్నే ఒకసారి, పొద్దుగూకాక ఇంకోసారి తెరవండి.

నేను వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. మావారు ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేస్తారు. మాది అజిత్‌సింగ్‌నగర్. అమ్మాయి తొమ్మిదికి వచ్చింది, అబ్బాయి ఆరుకి. అత్తయ్య మాతోనే ఉంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు మా పేటని ముంచినప్పుడు మా ఇంట్లో కింద ఉన్నవన్నీ పోయాయి. బీరువా, ఫ్రిజ్, కుట్టు మిషను ఒక ఎత్తు. అమ్మాయి చిన్నప్పటినుంచి దాచుకున్న కథల పుస్తకాలు ఒక ఎత్తు. నీళ్లు తీశాక చూస్తే పేజీలన్నీ అతుక్కుపోయి, బురద పట్టి, అట్టలు ఉబ్బిపోయి ఉన్నాయి. డాబా మీద ఎండబెట్టి, ఒక్కో పేజీ చాకుతో విడదీయబోయింది. రెండు పేజీలు విడితే మూడోది చిరిగేది. చివరికి తనే ఒక సంచిలో వేసి మునిసిపాలిటీ బండికి ఇచ్చింది. ఆ అప్పులు ఇంకా తీరుతూనే ఉన్నాయి. కాబట్టి ఈ వేసవి ఊటీ లేదు, హైదరాబాద్ లేదు. ఊళ్లోనే తిరుగుదాం అనుకున్నాం. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు కదా, నాకూ అత్తయ్యకీ అమ్మాయికీ ఖర్చు లేదు. కొట్టుకి సెలవు ఆదివారాలే, కానీ పొద్దునా రాత్రీ మావే.

తిరిగితే తెలిసింది, విజయవాడలో చూసేవి తక్కువేం కాదు. కాకపోతే మనిషి బయటికి రాగలిగే వేళకి అవి మూసి ఉంటాయి.

కృష్ణ అవతల ఉన్న ఉండవల్లి గుహల సంగతి చెప్తాను. విష్ణుకుండినుల కాలం నాటివంటారు. కొండని నాలుగు అంతస్తులుగా తొలిచారు. లోపల ఒకే రాతిలో చెక్కిన అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు. పొద్దున్నే బయల్దేరదామంటే తలుపులు తీసే వేళ అయ్యేదాకా వెళ్లి లాభం లేదన్నారు. మేం చూసుకుని బయటికి వచ్చే వేళకే మెట్ల మీద రాయి కాలిపోతోంది. లోపలికి వెళ్తూ చెప్పులు విడిచిన మా అబ్బాయి మునివేళ్ల మీద గెంతుతూ నీడ కోసం పరిగెత్తాడు. అత్తయ్య కొంగు నెత్తిన వేసుకుని ఒక స్తంభం పక్కనే కూర్చుండిపోయారు, పై అంతస్తు చూడనే లేదు. అదే చోటు పొద్దున ఆరున్నరకి ఎలా ఉంటుందో ఊహించండి. కింద పొలాల మీదుగా, కృష్ణ వైపు నుంచి గాలి వస్తుంది. 2019లో కేంద్ర పురావస్తు శాఖ వాళ్లు దేశంలో పది కట్టడాలని రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచమన్నారు. బీజాపూర్ గోల్ గుంబజ్, ఢిల్లీ హుమాయూన్ సమాధి వాటిలో ఉన్నాయి. అక్కడ వీలైనది ఇక్కడ ఎండాకాలం రెండు నెలలు వీలుకాదా?

మ్యూజియం చూద్దామని ఇంకోసారి అనుకున్నాం. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉందిగా, 1887లో విక్టోరియా రాణి జూబిలీకి కట్టిన భవనం. 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా ఇచ్చింది అక్కడే అని పిల్లలు పాఠంలో చదువుకున్నారు. అంత దగ్గరలో ఉండి కూడా పిల్లల్ని తీసుకెళ్లాలంటే నేను కొట్టు మానుకోవాలి. లేదా ఆదివారం మిట్టమధ్యాహ్నం వడగాలిలో బయల్దేరాలి. రోజుకూలీ వాళ్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు, మాలాంటి వాళ్లు ఎవరూ పదికీ అయిదుకీ మధ్య ఖాళీగా ఉండరు. ఉన్నా మేనెల ఎండలో పిల్లల్ని బయటికి తీయకూడదు.

గ్రంథాలయాల దగ్గర నాకు గట్టిగా కోపం వస్తుంది. ఎందుకంటే ఈ ఊరికి అది పుట్టింటి ఆస్తి. 1914 ఏప్రిల్ 10న రామ్మోహన గ్రంథాలయంలో కూర్చుని ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని పుట్టించింది బెజవాడ. అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటి వాళ్లు ఊరూరా తిరిగి లైబ్రరీలు పెట్టించారు. ఆ నెల కూడా ఏప్రిలే చూడండి, ఎండలు ఆనాడూ ఉన్నాయి. ఇవాళ మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మా ఇంటి ఓనరు గారి రసీదులో ఆ ముక్క విడిగా రాసి ఉంది, నేను లెక్కల మనిషిని కాబట్టి కనపడింది. అద్దెలో అదీ కలిసే ఉంటుంది. అంటే డబ్బు మేమూ కడుతున్నాం. పుస్తకాలు పోయిన పిల్లకి ఆ లైబ్రరీ తప్ప ఇంకేం దారి ఉంది?

వేసవి విజ్ఞాన శిబిరాలని పెడుతున్నారు, అది మంచి పని, మెచ్చుకోవాలి. మా పిల్లలు ఒక శాఖా గ్రంథాలయంలో పొద్దుటి శిబిరానికి వెళ్లారు. కథలు చదివించారు, కాగితాలతో బొమ్మలు చేయించారు, అబ్బాయి ఒక పద్యం నేర్చుకుని వచ్చాడు. సాయంత్రం నేను కొట్టు నుంచి రాగానే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఒక పుస్తకం సగంలో ఆగిపోయింది, పద" అంది. వెళ్తే తాళం. వాచ్‌మేన్ "వేళ అయిపోయిందమ్మా" అన్నాడు. ఆయన తప్పు ఏమీ లేదు, ఆయన డ్యూటీ ఆయన చేశాడు. అప్పటికి ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు. వీధిలో జనం అప్పుడే కుర్చీలు వేసుకుని బయట కూర్చుంటున్నారు.

ఎండాకాలం వేళలు మార్చుకోమని పునుగుల బండి పెట్టుకున్న ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనే మార్చుకున్నాడు. మా సందు చివర బండి చలికాలం నాలుగున్నరకే మొదలవుతుంది. వేసవిలో ఆరున్నర దాటాక మూకుడు పెడతాడు, పది దాటాక కడుగుతాడు. అల్లం చట్నీ అప్పటికీ ఉంటుంది. చెరకు రసం వాళ్లూ, లస్సీ వాళ్లూ అంతే. గాంధీనగర్‌లో బాబాయి హోటల్‌కి పొద్దున్నే వెళ్లాం ఒకసారి. ఇడ్లీ మీద వెన్న ముద్ద వేసి, కారప్పొడి పక్కన పెట్టి ఇస్తే అబ్బాయి వెన్న కరిగేదాకా కూడా ఆగలేదు. అప్పటికే బెంచీలన్నీ నిండిపోయాయి. ముంజలు కొట్టేవాళ్లు తెల్లవారకుండానే రోడ్డు పక్క గెలలు దించుకుంటారు, ఎండెక్కే వేళకి అమ్ముకుని వెళ్లిపోతారు. నున్న మార్కెట్‌లో చిన్న రసాలు బేరమాడాలంటే అదీ పొద్దుటి పనే. ఆవకాయకి కాయ కొట్టించుకునేవాళ్లు కూడా అప్పుడే వస్తారు. గుళ్లు చూడండి. తెల్లవారుజామున తీస్తారు, మధ్యాహ్నం నివేదన అయ్యాక మూస్తారు, సాయంత్రం మళ్లీ తీస్తారు. మన పెద్దవాళ్లు ఈ ఎండల్ని ఎరిగి పెట్టుకున్న పద్ధతి అది.

సినిమా గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 1921లోనే మారుతీ సినిమా హాలు వెలిసిన ఊరు మనది, సెకండ్ షో అలవాటు మన రక్తంలో ఉంది. మేమూ గాంధీనగర్‌లో సెకండ్ షోకి వెళ్లాం, ఏసీలో మూడు గంటలు హాయిగా గడిచింది. ఇంటిల్లిపాదీ టికెట్లు, ఇంటర్వెల్‌లో సమోసాలు, తిరిగి రావడానికి ఆటో కలిపితే మావారి రెండు రోజుల కూలి. మళ్లీ మళ్లీ వెళ్లలేం. చల్లగా కూర్చోగలిగే చోటు డబ్బున్నవాళ్లకే ఉండకూడదు కదా.

పుస్తకాల విషయంలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లు మమ్మల్ని ఆదుకున్నాయి. పొద్దుపోయాక, నేను పని దిగి అటే వెళ్లి పిల్లల్ని రమ్మనేదాన్ని. బల్బు వెలుగులో అట్టల దొంతరలు దించుకుంటూ అమ్మాయి నేల మీద చతికిలబడేది. పోయిన వాటిలో ఒకటి, వేరే ఎవరి పేరో రాసి ఉన్న ప్రతి, దొరికింది. కొట్టు ఆయన దాని వెల అడిగితే "నీకు నచ్చినంత ఇవ్వమ్మా" అన్నాడు. బుడమేరు మాట అమ్మాయే చెప్పి ఉంటుంది.

ఇక సంగీతం. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో ఒక సాయంత్రం కచేరీకి వెళ్లాం, ప్రవేశం ఉచితం అని బోర్డు చూసి. మా ఇంట్లో సంగీతం అంటే అత్తయ్య రేడియోలో వినే భక్తిరంజనే. విజయవాడ రేడియో 1948 డిసెంబరు 1న మొదలైందని, తను పుట్టినప్పటినుంచీ వింటున్నానని ఆవిడ గర్వంగా చెప్తారు. ఆ రోజు వయొలిన్ ఆయన తని ఆవర్తనం అప్పుడు, అంటే మృదంగం ఒక్కటే వాయించే వేళ, విల్లు ఒళ్లో పెట్టుకుని, మృదంగం ఆయన వైపు తిరిగి, తొడ మీద తాళం వేస్తూ మురిసిపోతున్నారు. మా అమ్మాయి ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక వయొలిన్ నేర్చుకోవడానికి ఎంత అవుతుందని అడిగింది. ఈ ఊరికి సంగీతం కొత్తా? పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు ఇక్కడే పాఠం చెప్పారు. ఆయన శిష్యుడు బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్ల వయసులో మొదటి పూర్తి కచేరీ చేసింది ఈ ఊళ్లో త్యాగరాజ ఆరాధనలో. ఆయనే తర్వాత ఇక్కడి సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. ఇవాళ ఘంటసాల గారి పేరుతో ఉన్న కళాశాల అదే.

అందుకని ఒక మాట. 2016 పుష్కరాలకి కట్టిన ఘాట్లు ఉన్నాయి. బస్టాండు ఎదురుగా పద్మావతి ఘాట్ ఉంది. బ్యారేజీకి దిగువ కాబట్టి ఎండాకాలం నీళ్లు మెట్లకి దూరంగానే ఉంటాయి, పిల్లలతో కూర్చోవడానికి భయం ఉండదు. మెట్లే కుర్చీలు. శనివారం, ఆదివారం రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఆ సంగీత కళాశాల పిల్లల చేత పాడించండి, వాయించనివ్వండి. హరికథ చెప్పించండి, బుర్రకథ చెప్పించండి. ఒక తెర కట్టి పాత తెలుగు సినిమా వేయండి. మంచినీళ్ల డ్రమ్ములు, లైట్లు, ఆడవాళ్లకి టాయిలెట్లు, ఒక పోలీసు. ఆ పూట సింగ్‌నగర్, పాయకాపురం, భవానీపురం, కృష్ణలంక వైపు పదింటికి ఒక్కో బస్సు వేస్తే చాలు, మాలాంటి వాళ్లం కుటుంబాలతో వస్తాం.

చీకటి పడ్డాక భవానీ ద్వీపానికి పడవలు మాత్రం అడగను. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి అంతమంది పోయారు. ఆ విషయంలో రూలు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

సిబ్బంది మాటేమిటని అడుగుతారు. వాళ్ల పని గంటలు పెంచమని నేను అనడం లేదు. పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది. అవీ ఎనిమిది గంటలే. ఒకే మనిషి రెండు పూటలూ రావడం కష్టం, అది నిజం, ముఖ్యంగా ఇంట్లో పిల్లలున్న ఆడవాళ్లకి. కాబట్టి వారం మార్చి వారం ఒక పూట ఒకరు, ఒక పూట ఒకరు చూసుకునేలా వేయండి. ఇద్దరున్న చోట అది కుదురుతుంది. ఒక్కరే ఉన్న శాఖా గ్రంథాలయంలో సాయంత్రం పూట ఒక్కటే పెట్టండి, అదీ మేలే. ఇంటర్, డిగ్రీ పిల్లల్ని ఆ రెండు నెలలకి గౌరవ వేతనం మీద తీసుకున్నా వాళ్లకి చేతిఖర్చు వస్తుంది.

ప్రభుత్వానికి ఎండలు తెలియవని అనలేం. ఎండలు ముదిరేసరికి ఏటా ఒంటిపూట బడుల ఉత్తర్వు వస్తుంది. 2025లో అయితే మార్చి 15 నుంచే, ఏడూ ముప్పావు నుంచి పన్నెండున్నర దాకా. ఎవరూ దాన్ని అడ్డుకోరు, దానికోసం కొత్త చట్టం చేయక్కర్లేదు. ఆ ఉత్తర్వులోనే ఇంకో పేరా చేర్చి, జిల్లా గ్రంథాలయ సంస్థలకీ, నగరపాలక సంస్థకీ, మ్యూజియంల శాఖకీ వేసవి వేళలు రాయమని కలెక్టరు గారినీ, విద్యాశాఖ వారినీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. గుంటూరు, తెనాలి వాళ్లు కూడా తమ ఊళ్ల సంగతి రాస్తే బాగుంటుంది. వీలైతే వచ్చే మార్చి లోపే మీ విలేకరి ఒకరు నగరంలోని శాఖా గ్రంథాలయాల ప్రస్తుత వేళలన్నీ సేకరించి ఒక పట్టికగా వేయండి. మా పేటలో ఆ పని నేను చేసి పంపగలను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ