పుస్తకం చేతికొచ్చింది, అందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా ఒంగోలు ప్రాంతపు సంఘాల పాత జ్ఞాపకాలతో నేను రాస్తూ వచ్చిన చిన్న పుస్తకం ప్రెస్ నుంచి వచ్చేసింది. అట్ట మీద పేరు నాదొక్కడిదే, లోపల మాత్రం చాలామంది చేతులున్నాయి. ఆ సంగతి ముందుమాటలో రెండు లైన్లలో తేల్చేస్తే నాకే తృప్తిగా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా గుంటూరు మాస్టారికి. రిటైరైన తెలుగు పండితులు, లూథరన్ సంఘస్థులు. మనవాళ్ళలో రాసేవాళ్ళకు మెచ్చుకోళ్ళ కొరత ఏనాడూ లేదు. ఏది చూపించినా "చాలా బాగుంది బ్రదర్, దేవునికి మహిమ" అంటారు. చదివారో లేదో ఆ దేవునికే తెలియాలి. మాస్టారు అలా కాదు. ప్రింటు తీసి పంపితే, పెన్సిల్‌తో అంచులన్నీ నింపి కొరియర్‌లో వెనక్కి పంపారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని నేను రాసిన చోట, పక్కన ఈ మాట ఉంది: "ఈ లెక్క ఒంగోలులో చిన్నపిల్లలకీ తెలుసు. వాళ్ళలో ఒక్క మనిషిని చూపించు బాబూ."

ఆ ఒక్క ముక్కతో అధ్యాయమంతా తిరగరాయాల్సి వచ్చింది. ఆ ముందు ఏళ్ళలో ఘోరమైన కరువు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించారు. కూటికోసం చేరుతున్నారన్న మాట రాకూడదని అన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. ఇవి పుస్తకాల్లో దొరుకుతాయి. మనిషి ఎక్కడ దొరకాలి? మా సంఘంలో కథలు రాసే అక్కయ్య తన అత్తగారి చేత మాట్లాడించారు. ఆ అత్తగారి జేజమ్మ వాళ్ళమ్మ కాలువ దగ్గర మట్టి తట్టలు మోసిందట, సాయంత్రం కూలి గింజలు కొంగున కట్టుకుని నడిచొచ్చేదట. అక్కయ్య ఆ కథ తానే రాసుకోవచ్చు. "నీ పుస్తకానికే అవసరం" అని నాకిచ్చేశారు. రాసేవాళ్ళు ఇలా కథ వదులుకోవడం ఎంత కష్టమో రాసేవాళ్ళకే తెలుసు.

రాసేవాళ్ళు ఇలా ఒకరికొకరు తోడవడం మన దగ్గరే కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు రచయిత సి.ఎస్.లూయిస్ గదిలో మిత్రులు కూడి, రాస్తున్నవి ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు. వాళ్ళలో ఒకరైన టోల్కీన్ 1937 చివర్లో మొదలుపెట్టిన పెద్ద నవల "ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్" 1954లో గానీ బయటికి రాలేదు. లూయిస్ వెంటపడి అడక్కపోతే అది పూర్తయ్యేది కాదని టోల్కీనే ఒప్పుకున్నారు. ఒకరు ఆంగ్లికన్, ఒకరు క్యాథలిక్. పైగా లూయిస్ పిల్లల కోసం రాసిన కథలు టోల్కీన్‌కు నచ్చలేదు కూడా! ఇక్కడ మా రాసేవాళ్ళ గుంపులోనూ అంతే. బాప్టిస్టులు, పెంతెకొస్తువారు, ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్) అమ్మాయి ఒకరు. వాక్యం మీద వాదనలు జరుగుతాయి, తర్వాత టీ తాగి ఒకరి ప్రూఫులు ఒకరు దిద్దుకుంటాం.

ఇక డీటీపీ చేసిన తమ్ముడు. పాత ఫాంటులోంచి యూనికోడ్‌లోకి మార్చేసరికి వత్తులన్నీ చెదిరిపోయి, "క్రీస్తు" అన్న మాటే గుర్తుపట్టలేకుండా తయారైంది. నాకు టెన్షన్, అతనికి నవ్వు. రాత్రిళ్ళు కూర్చుని పేజీ పేజీ సరిచేశాడు. రోమా పత్రికను పౌలు చెబుతుంటే రాసిన తెర్తియు, 16వ అధ్యాయంలో ఒక్క వచనంలోనైనా తన వందనం చెప్పుకున్నాడు. మావాడు అదీ వద్దన్నాడు, పేరు వేస్తే బిల్లు పంపిస్తానని బెదిరించాడు.

ప్రూఫులు చూసిన అమ్మగారికి, సంఘం పాత రిజిస్టర్లు తీసి చూపించిన అయ్యగారికి కూడా నా వందనాలు.

అక్కయ్య కథల కట్ట ఇప్పుడు నా బల్ల మీద ఉంది. క్రిస్మస్ పనులు మొదలవకముందే చదివి ఇస్తాను. రెండో కథ ముగింపు గురించి ఆవిడతో కాస్త గొడవపడాల్సి ఉంది.