పాదానికి డాక్టరేడీ?

సంపాదకుల వారికి,

మా నాన్నగారికి 20 ఏళ్లుగా షుగర్. మొన్న ఆయన చెప్పు కడుగుతుంటే లోపలి నుంచి మేకు మొన చేతికి తగిలింది. ఎన్నాళ్లుగా గుచ్చుకుంటోందో ఆయనకే తెలియదు, అరికాల్లో స్పర్శ లేదు. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు. నగరంలోనే ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే షుగర్ డాక్టరు సర్జన్ దగ్గరికి, సర్జన్ ఎముకల డాక్టరు దగ్గరికి, ఆయనేమో రక్తనాళాల డాక్టరు దగ్గరికి పంపారు. ఓపీ చీట్లు నాలుగయ్యాయి, కట్టు మాత్రం పొద్దున మేం ఇంట్లో కట్టిందే.

అమెరికాలో పాదం చదువే వేరు. కాలేజీ చదువు తర్వాత 4 ఏళ్ల డీపీఎం అనే పాద వైద్య డిగ్రీ, ఆపైన ఆస్పత్రిలో 3 ఏళ్ల శిక్షణ (రెసిడెన్సీ). బ్రిటన్‌లో పొడియాట్రీ, అంటే పాద వైద్యం, డిగ్రీ చేసినవాళ్లే పీజీలో పొడియాట్రిక్ సర్జరీ చదివి, ఏళ్ల తరబడి శిక్షణ పొంది ఆపరేషన్లు చేస్తారు. వాళ్లకు ఎంబీబీఎస్ అక్కర్లేదు. మన దగ్గర ఎంబీబీఎస్, నీట్ పీజీ, 3 ఏళ్ల ఎంఎస్ ఆర్థోపెడిక్స్ లేదా జనరల్ సర్జరీ, ఆ తర్వాత పాదాల సర్జరీలో ఫెలోషిప్, అంటే ప్రత్యేక శిక్షణ, వెతుక్కోవాలి. అప్పటికి ముప్పై ఏళ్లు దగ్గరపడతాయి, ఇంట్లో పెళ్లి గొడవ, బ్యాంకులో ఈఎంఐ. ఆ టెన్షన్‌లో ఇంకో ఏడాది చీము పట్టిన పాదాలు శుభ్రం చేయడానికి ఎవరొస్తారు? మోకాలి మార్పిడి మీదికే మనసు పోతుంది, తప్పు పట్టలేం.

ఉస్మానియా, గాంధీ వంటి బోధనాసుపత్రుల్లో మంచి స్టైపెండ్‌తో పాదాల సర్జరీ ఫెలోషిప్‌లు ఇవ్వాలి. ఎంఎస్ విద్యార్థులను కనీసం నెల రోజులు షుగర్ పాదాల ఓపీలో కూర్చోబెట్టాలి. సన్నటి నైలాన్ పోగుతో అరికాలి స్పర్శ చూడటానికి రెండు నిమిషాలు చాలట. 20 ఏళ్లలో మా నాన్నగారికి ఆ పరీక్ష ఒక్కరూ చేయలేదు.

– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్